ఒక నెల కలిపి, ఒక రోజు తీసి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐదుగురు ప్రోగ్రామర్లున్న చిన్న కంపెనీలో నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. మందుల హోల్‌సేల్ ఏజెన్సీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మా పని. 2011లో ఒకాయన పీహెచ్‌పీ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాషలో రాశారు, ఆయన ఎప్పుడో వెళ్లిపోయారు. ఇప్పటికీ పీహెచ్‌పీ 5.6 మీదే నడుస్తోంది. ఆ కోడ్ చూస్తే తల తిరుగుతుంది. ఒకచోట ఎక్స్‌పైరీ తేదీకి ఒక నెల కలిపి, ఒక రోజు తీసేస్తారు. ఇంకోచోట షాపు పేరు చివరి నుంచి ఒక్కో అక్షరం వెనక్కి నడిచే ముప్పై లైన్ల ఫంక్షన్ ఉంది. రెండింటి పైనా ‘ముట్టుకోవద్దు’ అన్న ఒక్క మాటే రాసి ఉంది. కొత్తగా చేరిన సహోద్యోగి ఇదంతా పారేసి నోడ్‌జేఎస్‌లో (జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీద నడిపేది) మైక్రోసర్వీసులుగా, అంటే విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా, ఆరు నెలల్లో రాసేద్దాం, ఏఐ టూల్స్ ఉన్నాయి కదా అంటున్నాడు. మేనేజర్ సగం ఒప్పుకుని నా అభిప్రాయం అడిగారు. ఏం చెప్పాలి? స్నేహితులందరూ ఏఐ ప్రాజెక్టుల్లో ఉన్నారు, నేను పీహెచ్‌పీ అంటే నవ్వుతున్నారు. అరవై వేలు కట్టి ఏఐ కోర్సులో చేరాలా? నా నాలుగేళ్లూ వృథా అయినట్టేనా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: తల తిరుగుతోందన్న ఆ రెండు చోట్ల నుంచే మొదలుపెడదాం. మీ మేనేజర్‌కు చెప్పవలసిన జవాబు అక్కడే ఉంది.

ఇంట్లో ఉన్న ఏ మాత్రల స్ట్రిప్ అయినా తిప్పి చూడండి. ఎక్స్‌పైరీ దగ్గర సాధారణంగా నెల, సంవత్సరం మాత్రమే కనిపిస్తాయి. 08/2026 అని ఉంటే ఆగస్టు ఆఖరి రోజు వరకు ఆ మందు పనికి వస్తుందని మన దేశంలో నిబంధన. డేటాబేస్‌కు ఈ సంగతి తెలియదు, తేదీ గడిలో రోజు కూడా ఉండాల్సిందే అంటుంది. అందుకని మీ పాత ప్రోగ్రామర్ 2026 ఆగస్టు 1 అని దాచి ఉంటారు. వాడేటప్పుడు నెల కలిపితే సెప్టెంబరు 1 అవుతుంది, అందులోంచి ఒక రోజు తీస్తే ఆగస్టు 31. ఏ నెలకు ముప్పై, ఏ నెలకు ముప్పై ఒకటి, ఫిబ్రవరికి ఈ ఏడు ఎన్ని అన్న గొడవ ఆయన పెట్టుకోలేదు, ఆ లెక్క క్యాలెండర్‌కే వదిలేశారు. ముందు రోజు తీసి తర్వాత నెల కలిపి ఉంటే తప్పు వచ్చేది. జులై 31కి నెల కలిపితే ఆగస్టు 31 వస్తుంది సరే, ఫిబ్రవరి 28కి నెల కలిపితే మార్చి 28 వస్తుంది, మూడు రోజులు తగ్గిపోతాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది కూడా ఆలోచించి రాసిన లైను అది.

అనవసరం అనుకుని ఎవరైనా ఆ లైను తీసేశారనుకోండి. ఆగస్టు 2న ఏజెన్సీ తలుపు తెరిచేసరికి ఆ నెల ఎక్స్‌పైరీ ఉన్న బ్యాచ్‌లన్నీ కాలం చెల్లిన సరుకు కింద పడిపోతాయి. హోల్‌సేల్‌లో ఆఖరి నెల సరుకు పెద్దగా కదలదు, నిజమే. కానీ షాపుల నుంచి వచ్చే వాపసులు, కంపెనీకి తిరిగి పంపే సరుకు లెక్కలు ఈ తేదీ మీదే నడుస్తాయి. తప్పు బయటపడేది మీ ఆఫీసులో కాదు, ఎక్కడో సుల్తాన్ బజార్‌లో ఒక గుమస్తా కంపెనీ ప్రతినిధితో వాదనకు దిగినప్పుడు.

ఇక వెనక్కి నడిచే ఆ ఫంక్షన్. కోడ్ పంపలేదు కాబట్టి ఊహించే చెబుతున్నాను, కానీ ఊహ తప్పదనే అనుకుంటాను. మీ బిల్లు మీద షాపు పేరుకు ఇన్ని అక్షరాలని ఒక గడి ఉంటుంది. పేర్లలో కొన్ని తెలుగులో ఉంటాయి. ‘లక్ష్మి’ అన్న పేరు కంటికి రెండే అక్షరాలు. కంప్యూటర్‌కు అది ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు గుర్తులు. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు కాబట్టి ఇరవై ఒక్క బైట్లు. పీహెచ్‌పీలో పేరును కత్తిరించే మామూలు సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ బైట్లనే లెక్కపెడుతుంది. ఇరవైకి కత్తిరించమంటే ‘లక్ష్మి’ కూడా పూర్తిగా పట్టదు, ఆఖరి గుడి మధ్యలో తెగి బిల్లు మీద ఒక చెత్త గుర్తు పడుతుంది. మీ సహోద్యోగి చెప్పే నోడ్‌జేఎస్ ఇక్కడ కొంత నయం, తెలుగు విషయంలో గుర్తులనే లెక్కపెడుతుంది. అయినా ఇరవై గుర్తుల దగ్గర కత్తిరిస్తే ‘శ్రీ వెంకటేశ్వర మెడికల్ స్టోర్స్’ కాస్తా ‘శ్రీ వెంకటేశ్వర మెడి’ దగ్గర ఆగుతుంది. ఇది అదృష్టం బాగున్న కేసు. ‘లక్ష్మి’ని ఐదు గుర్తుల దగ్గర కత్తిరిస్తే ‘లక్ష్’ మిగులుతుంది, ఆ షాపు యజమాని మీకు ఫోన్ చేస్తారు. పొల్లు దగ్గర కానీ, హల్లుకూ గుణింతపు గుర్తుకూ మధ్య కానీ తెగకుండా, అక్షరం మొత్తం నిలిచే చోటు దొరికేవరకు వెనక్కి నడవడమే ఆ ముప్పై లైన్ల పని అయి ఉండాలి.

ఇది చిన్న విషయం అనిపిస్తే 2018 ఫిబ్రవరి గుర్తు చేసుకోండి. ‘జ్ఞా’లో కంటికి కనపడని ఒక గుర్తు ఇరికించి పంపితే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచంలో అత్యంత ఖరీదైన కంపెనీల్లో ఒకటైన యాపిల్ ఐఓఎస్ 11.2.6 అని ప్రత్యేకంగా ఒక అప్‌డేట్ విడుదల చేసి సరిదిద్దుకోవలసి వచ్చింది. తెలుగు ఒత్తుల ముందు వాళ్లే తడబడ్డారు. మీ కంపెనీలో 2011లో ఒక్కడే కూర్చుని ఆ పని చేసిన మనిషికి నేను నమస్కారం పెడతాను. అయితే కారణం రాయకుండా ‘ముట్టుకోవద్దు’ అని మాత్రం రాసి పోయినందుకు రెండు చీవాట్లు కూడా పెడతాను.

సాఫ్ట్‌వేర్ గురించి నాకున్న గట్టి అభిప్రాయం ఒకటే, అది ఇక్కడి నుంచే పుట్టింది. ఏళ్ల తరబడి నడిచిన కోడ్‌లో అసహ్యంగా కనిపించే ప్రతి లైను వెనకా ఎవరిదో ఒక ఫిర్యాదు ఉంటుంది. ఆ ఫిర్యాదు ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండదు, ఆ లైనులోనే ఉంటుంది. కోడ్ పారేస్తే ఫిర్యాదులన్నీ మళ్లీ మొదటి నుంచి వినాలి, ఈసారి వినేది మీరు.

దీనికి పేరుపొందిన ఉదాహరణ నెట్‌స్కేప్. 1990లలో బ్రౌజర్ అంటే అదే. నాలుగో వెర్షన్ 1997లో వచ్చింది. 1998లో పాత కోడ్ పనికిరాదని తేల్చి మొదటి నుంచి రాయడం మొదలుపెట్టారు. ఐదో వెర్షన్ అసలు రానేలేదు. ఆరోది 2000 నవంబరులో వచ్చింది, అదీ సగం ఉడికిన స్థితిలో. ఈ మూడేళ్లలో మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మార్కెట్‌లో చాలా భాగం ఆక్రమించేసింది. న్యాయంగా రెండో పక్క కూడా చెప్పాలి. ఆ తిరగరాత నుంచే తర్వాత 2004లో ఫైర్‌ఫాక్స్ వచ్చింది, మంచి బ్రౌజరే. కానీ అప్పటికి నెట్‌స్కేప్ అన్న సంస్థే మిగల్లేదు. మీ కంపెనీకి అలాంటి మూడేళ్లు భరించే డబ్బు ఉందా అన్నది మీ మేనేజర్‌ను అడగవలసిన ప్రశ్న.

అలాగని ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేయమని నేను అనడం లేదు. మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది ఆ ఫంక్షన్లు కావు, పీహెచ్‌పీ 5.6 అన్న మాట. దానికి భద్రతా సవరణలు 2018 డిసెంబరు 31తో ఆగిపోయాయి. ఆ తర్వాత బయటపడిన లోపాలకు అధికారికంగా మందు లేదు. దానితోపాటు, ఆ కాలపు కోడ్ కాబట్టి డేటాబేస్‌తో మాట్లాడేది పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లతో అయి ఉంటుంది. వెతుకు పెట్టెలో టైపు చేసినదాన్ని తీసుకుని నేరుగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే భాష) వాక్యంలో అతికించే అలవాటు అప్పట్లో అందరికీ ఉండేది. మీ దగ్గర అది ఉంటే, బయటివాడు ఆ పెట్టెలో నాలుగు ముక్కలు టైపు చేసి మీ ఖాతాదారుల లెక్కలు మొత్తం ఎత్తుకుపోవచ్చు. ఇది రేపు కాదు, ఈ వారమే చూడవలసిన పని.

కాబట్టి మేనేజర్‌కు చెప్పవలసింది ఇది: తిరగరాయడం వద్దు, వెర్షన్ పెంచుదాం. పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను పీహెచ్‌పీ 7 నుంచే తీసేశారు కాబట్టి ముందు వాటిని డేటాబేస్‌తో మాట్లాడే మరో పద్ధతి అయిన పీడీఓలోకి మార్చాలి, విలువలను ఎస్‌క్యూఎల్‌లో అతికించకుండా విడిగా పంపాలి. ఆ తర్వాత 7, ఆపైన 8. ఎనిమిది దగ్గర ఒక్క చోట జాగ్రత్త పడండి. పాత పీహెచ్‌పీలో సున్నానూ ఖాళీ గడినీ రెండు సమాన గుర్తులతో పోలిస్తే సమానమే అనేది. 2020లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ నుంచి కాదంటుంది. డిస్కౌంట్ గడి ఖాళీగా వదిలేసిన బిల్లుల్లో ఆ ఒక్క మార్పుతో ఏమవుతుందో ఊహించుకోండి. ప్రోగ్రాం ఆగిపోదు, ఎర్ర అక్షరాల్లో ఏ హెచ్చరికా రాదు. లెక్క మాత్రం నిశ్శబ్దంగా మారుతుంది. డబ్బుతో వ్యవహరించే ప్రోగ్రాముల్లో నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఇలాంటి మార్పుకే.

దీన్ని పట్టుకునే ఉపాయం మీ చేతిలోనే ఉంది. పదేళ్లకు పైగా బిల్లులు మీ డేటాబేస్‌లో ఉన్నాయి. అందులోంచి రకరకాలవి ఏరండి. మామూలు బిల్లు, వాపసు, పదికి ఒకటి ఉచితంగా ఇచ్చిన స్కీము, తెలుగు పేరున్న షాపు, ఫిబ్రవరి ఎక్స్‌పైరీ ఉన్న బ్యాచ్. జీఎస్‌టీ వచ్చిన 2017 జులై 1కి ముందూ వెనకా, మందుల మీద పన్ను చాలావరకు 12 నుంచి 5 శాతానికి దిగిన 2025 సెప్టెంబరు 22కి ముందూ వెనకా ఉన్న బిల్లులు తప్పకుండా ఉండాలి. పాత రేటుతో అమ్మిన సరుకు కొత్త రేటు వచ్చాక వాపసు వస్తే ఏ రేటు పడాలన్నది మీ కోడ్‌లో ఎక్కడో ఉంటుంది, అదెక్కడో మీరు వెతికి చూడండి. ఈ బిల్లులన్నీ పాత ప్రోగ్రాం ఏం లెక్క కట్టిందో పైసాతో సహా దాచుకోండి. మార్పు చేసిన ప్రతిసారీ కొత్త ప్రోగ్రాంతో అవే బిల్లులు కట్టించి పోల్చండి. తేడా వచ్చిన ప్రతి పైసాకూ కారణం తెలియాలి. ఒక్కోసారి పాతదే తప్పని తేలుతుంది. అప్పుడు కూడా వెంటనే సరిదిద్దకండి, ఏజెన్సీ అకౌంటెంట్‌ను అడగండి. ఆ తప్పుకు వాళ్లు ఏనాడో అలవాటు పడి, తమ వైపు మరో లెక్కతో సర్దుకుని ఉంటారు.

ఈ పని చేస్తున్నప్పుడు అర్థమైన ప్రతి వింత లైను పైనా కారణం రాసి పెట్టండి. ‘స్ట్రిప్ మీద నెల మాత్రమే ఉంటుంది, కాబట్టి నెలాఖరు తేదీ కావాలి’ అని ఒక్క వాక్యం చాలు.

మైక్రోసర్వీసుల మీద ఎక్కువ మాట్లాడను. వందల మంది ఇంజినీర్లు ఒకరి కాలు ఒకరు తొక్కుకోకుండా పని చేయడానికి పుట్టిన పద్ధతి అది. మీరు ఐదుగురు, ఒకే గదిలో కూర్చుంటారు. ఇప్పుడు మీ ప్రోగ్రాంలో బిల్లు రాయడం, స్టాకు తగ్గించడం ఒకే డేటాబేస్ లావాదేవీలో జరుగుతాయి. అయితే రెండూ అవుతాయి, లేకపోతే రెండూ ఆగుతాయి. వాటిని రెండు సర్వీసులుగా విడగొట్టిన రోజు నుంచి బిల్లు పడి స్టాకు తగ్గని సందర్భం ఒకటి పుడుతుంది. నెట్‌వర్క్ ఒక్క క్షణం తప్పిపోతే చాలు. దాన్ని సర్దడానికి ఒక వరుస, మళ్లీ ప్రయత్నించే ఏర్పాటు, రెండుసార్లు తగ్గకుండా ఒక కాపలా రాయాలి. ఇన్ని చేసి చివరికి మీరు చేరుకునేది ఈరోజు ఉన్న చోటికే. 2023లో అమెజాన్ వారి ప్రైమ్ వీడియో బృందమే వీడియో నాణ్యత చూసే తమ వ్యవస్థ ఒకదాన్ని విడివిడి ముక్కల నుంచి ఒకే ప్రోగ్రాంగా కలిపేసి 90 శాతానికి పైగా ఖర్చు తగ్గించుకున్నామని ప్రకటించింది. మీ సహోద్యోగి మీద నాకు కోపం లేదు. ఆ వయసులో ఆ ఉబలాటం ఉండాలి. ఆ ఉత్సాహాన్ని పీడీఓ పని మీదకు మళ్లించండి.

ఏఐ టూల్స్ వాడండి, సిగ్గుపడకండి. అర్థం కాని ఫంక్షన్ ఇచ్చి వివరించమని అడగండి, పోలిక పరీక్షలు రాయించుకోండి, పీడీఓ మార్పుల్లో విసుగు పుట్టించే భాగం చేయించుకోండి. ఖాతాదారుల డేటా, పాస్‌వర్డులు మాత్రం అందులో పెట్టకండి. నెల కలిపి రోజు తీసే లైను చూపిస్తే నెలాఖరు తేదీ కోసమని అది సరిగ్గానే చెప్పవచ్చు. మీ ఏజెన్సీలు ఎక్స్‌పైరీకి ఎన్ని నెలల ముందు వాపసు తీసుకుంటాయో, ఏ కంపెనీ ఏ మెలిక పెడుతుందో మాత్రం దానికి తెలియదు, మీరే చెప్పాలి. ఆరు నెలల్లో రాసేయవచ్చన్న మాట అబద్ధమని నేను అనను. ఆరు వారాల్లోనే రాయవచ్చేమో. కోడ్ టైపు చేయడం ఎప్పుడూ ఈ వృత్తిలో పెద్ద పని కాదు, రాసినది సరైనదని తేల్చుకోవడమే పెద్ద పని. అది ఆ టూల్స్‌తో తగ్గలేదు. చదవవలసిన కోడ్ పెరిగింది కాబట్టి ఇంకొంచెం ఎక్కువైంది.

ఇప్పుడు మీ నాలుగేళ్ల సంగతి. స్నేహితులు నవ్వితే నవ్వనివ్వండి. వాళ్లు రోజూ చూసే వికీపీడియా నడిచేది పీహెచ్‌పీ మీదే. మన చరిత్ర కూడా వాళ్లకు కొంచెం గుర్తు చేయవచ్చు. 1990ల చివర తెలుగు ఇళ్ల నుంచి అంతమంది అమెరికా వెళ్లడానికి దారి వేసిన వాటిలో వైటూకే పని పెద్దది. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచిన కోబాల్ అనే భాషలోని పాత ప్రోగ్రాములు తెరిచి, చదివి, 2000 వచ్చేలోగా సరిచేయడం ఆ పని. అంటే అప్పటికే దశాబ్దాలు నడిచిన, ఎవరికీ ముట్టుకోవాలని లేని కోడ్. ఆ పాతది చదవగలిగినందుకే వాళ్లు విమానం ఎక్కారు. ఈ రోజు వాళ్ల పిల్లలు ఏఐ అంటుంటే వాళ్లు పక్కన కూర్చుని తలాడిస్తున్నారు, అది వేరే సంగతి.

కోర్సు విషయానికి వస్తే, అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ బోర్డులు ఎన్నిసార్లు మారాయో చూసినవాణ్ణి. మెయిన్‌ఫ్రేమ్ పోయి జావా, దాని పక్కన డాట్‌నెట్, ఆ తర్వాత టెస్టింగ్ టూల్స్, హడూప్, డేటా సైన్స్. అక్కడ చెప్పే పాఠాలను నేను తక్కువ చేయను, పల్లె నుంచి వచ్చి రెండు నెలల్లో ఉద్యోగం పట్టిన పిల్లలు ఎంతోమంది. వాళ్లకు అది తొలి మెట్టు. మీరు ఆ మెట్టు దాటి నాలుగేళ్లయింది. అరవై వేలు మీ దగ్గర ఊరికే పడి ఉంటే సరే, అప్పు చేసి మాత్రం వద్దు. ఏఐ నేర్చుకోవాలని నిజంగా ఉంటే మీ బిల్లుల డేటా నకలు ఒకటి తీసి, అందులోంచి పేర్లు, ఫోన్ నంబర్లు తొలగించి, ఏ మందు ఏ నెలలో ఎంత కదులుతుందో ముందే చెప్పే చిన్న ప్రోగ్రాం రాసి చూడండి. మేనేజర్ అనుమతి తీసుకునే చేయండి. కోర్సులో ఇచ్చే పువ్వుల కొలతల డేటా, టైటానిక్ ప్రయాణికుల పట్టిక కంటే అది మీకు ఎక్కువ నేర్పుతుంది, అందులోని తిక్కలన్నీ మీకు ముందే తెలుసు కాబట్టి.

ఉద్యోగం మారాలంటే మారండి. అది జీతం గురించి, పని చేసే మనుషుల గురించి తీసుకోవలసిన నిర్ణయం, పీహెచ్‌పీ గురించి కాదు. అయితే ఈ వెర్షన్ మార్పు ముగించి వెళ్లండి. ఇంటర్వ్యూలో ‘పీహెచ్‌పీలో నాలుగేళ్లు’ అంటే ఎదుటివారు తల ఊపి ఊరుకుంటారు. ‘నడుస్తున్న బిల్లింగ్‌ను ఒక్క రోజూ ఆపకుండా, ఒక్క పైసా తేడా రాకుండా 5.6 నుంచి 8కి తెచ్చాం, తేడా రాలేదని ఇలా తేల్చుకున్నాం’ అంటే కుర్చీలో ముందుకు వంగుతారు. నేనైతే వంగుతాను.

ఇంత చెప్పినా మీ మేనేజర్ తిరగరాతకే మొగ్గారనుకోండి, పోట్లాడకండి. ఒక షరతు మాత్రం రాతపూర్వకంగా పెట్టించుకోండి: ఒక చిన్న ఏజెన్సీలో పాతదీ కొత్తదీ రెండూ పక్కపక్కన నడవాలి, మూడు నెలల బిల్లులు పైసాతో సహా కలిసేదాకా రెండో ఏజెన్సీకి వెళ్లకూడదు. తేదీ ఎంచుకునేటప్పుడు మార్చి, ఏప్రిల్ వదిలేయండి. ఏడాది ముగింపు లెక్కలు, స్టాకు తనిఖీ, కొత్త బిల్లు నంబర్ల వరుస మొదలయ్యే రోజులవి. ఆ సమయంలో ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడరు.